ఊగే మూడు బండలు

ఆ సోమవారం పొద్దున బైరప్ప చేతిలో ఉన్నవి ఇవి: బాడుగ టాటా ఏస్ బండి నిండా రాతి క్రషర్ డస్టు, ఒక గడ్డపార, ఒక రబ్బరు సుత్తి, రసమట్టం, దారపు ఉండ, తోడుకు ఒక కూలిమనిషి. చేతిలోకి ఇంకా రాకపోయినా వచ్చినట్టే లెక్కేసుకున్నది మరొకటి ఉంది. అది మహేష్ కట్టబోయే హాస్టలు. మూడంతస్తులు. మెట్లకు, వరండాలకు, వంటగది గట్లకు అంతా గ్రానైటే. ఆ సరుకు నీ దగ్గరే అన్నా అని మహేష్ నోటిమాట ఇచ్చి ఉన్నాడు. కాబట్టి ఈ చిన్న పనిని బైరప్ప పనిగా చూడలేదు, రేపటి పంటకు ఈ రోజు వేసే విత్తనంగా చూశాడు.

బైరప్పది పుంగనూరు. మదనపల్లె రోడ్డులో బండల అంగడి. కుప్పం దగ్గర శాంతిపురంలో గ్రానైటు కోసేచోట సరుకు ఎత్తుకొస్తాడు. పెద్ద పలకలు పెద్దిళ్లకు పోతాయి. అంచుల్లో మిగిలిన ముక్కలు తోటల్లో నడిచే దారులకు పోతాయి. "కొనేటప్పుడు అది ముక్క, అమ్మేటప్పుడు బండ" అని భార్య మంగమ్మ ఎగతాళి చేస్తుంది. అది నిజమే కాబట్టి బైరప్ప కోపగించుకోడు.

పని అంగళ్లులో. ఇంజనీరింగ్ కాలేజీకి పోయే దారిలో మహేష్ అక్క అమరావతి మొక్కల నర్సరీ నడుపుతోంది. అరెకరా స్థలంలో సగం ఆమెది, సగం తమ్ముడిది. ఆమెకు యాభై దాటాయి, ఒంటి మనిషి. మదనపల్లెలో ఎరువుల అంగడి పెట్టుకున్న మహేష్‌కు ఆ స్థలం మీద చానా రోజుల నుంచి కన్నుంది. పిల్లలు వేలమంది చదువుకునే చోట హాస్టలు కట్టక మొక్కలు అమ్ముకోవడం ఏం లెక్క అని అతని వాదన. అక్క ఒప్పుకోవడం లేదు. తమ్ముడు బలవంతం చేయడమూ లేదు. నీకు చేతనయినన్నాళ్లు నడుపుకో, చేతకానప్పుడు నా ఇంట్లో ఉందువు అని ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం.

మొన్న మహేష్ నర్సరీకి పోయినప్పుడు దారిలో బండ ఊగి, కాలు మెలికపడి, గులాబీ కుండీల మీద పడ్డాడు. ఆ పూటే ఫోన్ చేశాడు.

"అన్నా, ఆ దారిలో బండలు ఊగుతాండాయి. నేను పడితే గీసుకుపోయింది, మా అక్క పడితే నడుము ఇరుగుతాది. ఒక్కటి కూడా కదలకుండా చేసి పెట్టు."

బైరప్ప బండి దిగేసరికి అమరావతి బల్ల ముందు కూర్చుని ఉంది. బల్ల మీద, డబ్బు పడగానే గట్టిగా చెప్పే ఫోన్‌పే డబ్బా. చెప్పులు బల్ల కింద విడిచి, ఉత్త కాళ్లతో ఉంది.

"ఎవరప్పా?"

"నేనేనమ్మా, పుంగనూరు బైరప్ప. మహేష్ చెప్పినాడు కదా."

"ఓ, బండలాయనవా. రా. ఎన్ని బండలు బాగు చేస్తావు?"

"ఊగేవన్నీ."

ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది. "అన్నీ యాల? ఎందుకంత పని? అంచుల్లో ఉండేవి చెయ్యి. నడుమ మూడుండాయి, వాటిని అట్లే వదిలెయ్యి."

ముప్పై ఏళ్లుగా బేరాలు చేసిన చెవికి ఆ మాట ఎలా వినపడాలో అలాగే వినపడింది. కొనేవాళ్లు ఎప్పుడూ ఇలాగే మొదలుపెడతారు. ఇది వద్దు, అది వద్దు, వద్దనుకుంటూ రేటు కిందికి లాగుతారు. బైరప్ప నవ్వాడు.

"అమ్మా, కూలి మీ తమ్ముడు ఇస్తాండాడు. ఆ మూడింటికీ ఏమీ వేసుకోనులే. నా తరఫున చేసి పెడతా."

"కూలి కోసం కాదు ప్పా. అవి నాకు అలవాటయిపోయినాయి."

"అలవాటయినా నొప్పి పన్ను పీకించుకోవాల కదమ్మా."

ఆమె నవ్వింది కానీ ఆ నవ్వు పూర్తి కాలేదు. ఇంకేం అనలేదు. అనకపోవడాన్ని కూడా బైరప్ప బేరం కుదిరినట్టే లెక్క వేసుకున్నాడు.

పని చేయడం అతనికి తెలుసు. ఈ దారిని ఎవరో ఎర్రమట్టి మీద ఊరికే పరిచిపోయారు. నర్సరీ అంటే రోజూ నీళ్లు. నీళ్లు బండ కింది సన్నమట్టిని కొంచెం కొంచెంగా లాక్కుపోతాయి. ఖాళీ అయిన చోట పందికొక్కు దూరుతుంది. బండ చూడటానికి గట్టిగానే ఉంటుంది, కింద మాత్రం ఏమీ ఉండదు. కాబట్టి పైపైన సిమెంటు పూస్తే లాభం లేదు. గడ్డపారతో ఎత్తి, పక్కన బోర్లించి, కింద నాలుగువేళ్ల లోతు తవ్వి, కంకర వేసి దిమ్మిస కొట్టి, దాని మీద డస్టు పరిచి, నీళ్లు చిలకరించి, మళ్లీ బండ దించాలి. రబ్బరు సుత్తితో మూలల్లో తట్టాలి. రసమట్టం పెట్టి చూడాలి. నీళ్లు పక్కకు జారేట్టు ఒకవైపు రవ్వంత వాలు ఇవ్వాలి.

అదంతా చేశాడు. నడుమ ఉన్న మూడింటినీ మరింత శ్రద్ధగా చేశాడు, ఉచితంగా చేస్తున్నది కదా, మాట రాకూడదని. మంగళవారం మధ్యాహ్నానికి దారి ఈ చివర నుంచి ఆ చివరకు పలకలాగా తేలింది. బైరప్ప దాని మీద అటూ ఇటూ నడిచాడు, ఒకచోట ఎగిరి కూడా దూకాడు. టిక్కుమన్న బండ లేదు. ఫోటో తీసి మహేష్‌కు పంపాడు. మహేష్ చేతులు జోడించిన బొమ్మ తిరిగి పంపాడు. హాస్టలు ఇంకో అడుగు దగ్గరికి వచ్చింది.

సామాన్లు బండికెక్కిస్తుండగా గుడుపల్లె నుంచి చెంగయ్య అనే రైతు వచ్చాడు. మామిడి అంట్లు కావాలన్నాడు. ట్రాలీ ఆటో కూడా తెచ్చుకున్నాడు.

"ఏం రకం కావాల ప్పా?" అంది అమరావతి లేస్తూ.

"బేనిషానమ్మా. తోతాపురి పెట్టి పెట్టి విసుగొచ్చింది. జ్యూసు ఫ్యాక్టరీ వాడు ఎప్పుడు గేటు మూస్తాడో వానికే తెలీదు. బేనిషా అయితే రోడ్డు పక్కన పెట్టుకున్నా అమ్ముకుంటాము."

"అంట్లు మంచివే ఉండాయి. రా."

ఆమె ముందు నడిచింది. ఎప్పుడూ చకచకా నడిచే మనిషి, నిన్న పొద్దున బైరప్ప కళ్లారా చూశాడు, ఈసారి అడుగు అడుగుకూ ఆగుతోంది. చీకటి పెట్టెలో చెయ్యి పెట్టి ఏదో వెతుకుతున్నట్టు పాదంతో బండను తడుముతోంది. కొంత దూరం పోయి నిలబడింది. ఇంకో అడుగు వేసింది. వెనక్కి వచ్చింది. చివరికి ఎడమవైపు తిరిగి, "ఇవిగో" అని సంచుల్లోని అంట్లు తీసి ఇవ్వడం మొదలుపెట్టింది. చెంగయ్య ఆటోలోకి సర్దుకుంటున్నాడు.

బైరప్ప ఊరికే చూస్తున్నాడు. ప్రతి అంటుకూ కాడ దగ్గర ఒక దారం ముడి ఉంది. ఈమె ఇచ్చేవాటికి పచ్చ దారం. అవతలి వరసలో ఉన్నవాటికి ఎర్ర దారం. రెండు వరసల మధ్య నిలబెట్టిన రేకు మీద పెయింటుతో రాసి ఉంది: ఎరుపు బేనిషా, పచ్చ తోతాపురి.

మామిడి అంటు తప్పితే ఆ తప్పు ఈ రోజు తెలియదు. నాలుగేళ్లు నీళ్లు పోసి, ఎరువు వేసి, కంచె కట్టి, మొదటి కాయ దిగిన రోజు తెలుస్తుంది. బండలో పగులుంటే తిరిగిస్తే సరిపోతుంది. నాలుగేళ్లను ఎవరు తిరిగిస్తారు? ఆ రోజు చెంగయ్య చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి అమరావతి పేరు చెబుతాడు. అప్పుడు ఈ నర్సరీ మూయడానికి మహేష్ ఒక్క మాట కూడా ఖర్చు పెట్టక్కర్లేదు.

బైరప్ప తలలో ఒక క్షణం హాస్టలు మెట్లు కనిపించాయి. కనిపించలేదని అంటే అబద్ధం. తర్వాత అతను గొంతు సవరించుకుని ఆటో దగ్గరికి పోయాడు.

"ఏమ్మా, నాకు తెలీక అడుగుతా. ఈ పచ్చ దారానివి తోతాపురి కదా? ఎవరికో తీసిపెట్టినవి ఈయనవాటిలో కలిసిపోతాండాయేమో."

అమరావతి చేతిలో అంటు అట్లాగే ఆగిపోయింది. ఆమె మొహం పాలిపోవడం బైరప్ప ఒక్కడే చూశాడు. వెంటనే తేరుకుంది.

"అవును ప్పా. మాటల్లో పడితిని. దించెయ్యి చెంగయ్యా."

"బాగుండాది! నన్ను మళ్లీ ఆ ఫ్యాక్టరీ గేటు కాడికే పంపుదామనుకున్నావే!" అని చెంగయ్య నవ్వాడు. బైరప్ప తానే ఎర్ర దారం ఉన్నవి అందించాడు. డబ్బా గట్టిగా డబ్బు వచ్చిందని చెప్పింది. ఆటో పోయింది.

అమరావతి దారి పక్కనే నేల మీద కూర్చుంది. బైరప్ప కూడా ఒక బోర్లించిన కుండీ మీద కూర్చున్నాడు. కూలిమనిషిని టీ తాగి రమ్మని పంపాడు.

"ఎన్నాళ్ల నుంచమ్మా?"

"ఏంది?"

"కళ్లు."

ఆమె దాచడానికి ప్రయత్నించలేదు. "రెండేండ్లుగా తగ్గుతాండాది. మంచు పట్టిన అద్దంలోంచి సూసినట్టుంటాది. మనిషి ఉండాడని తెలుస్తాది, మొహం తెలీదు. దారం ఉండాదని తెలుస్తాది, రంగు తెలీదు. తిరుపతిలో సూపిస్తే, ఇంకా తగ్గొచ్చు, ఇట్లే నిలిచిపోవచ్చు కూడా అన్నారు."

"మరి ఇన్నాళ్లూ ఎట్ల అమ్మినావు?"

"ఈ బండలే ప్పా." ఆమె అరచేత్తో పక్కనున్న బండను తట్టింది. "ఇది కుడిపక్కకు ఊగేది. ఆడ ఎడమకు తిరిగితే బేనిషా. దాని తర్వాతది ముందుకు ఊగేది, అది తోతాపురి. ఇంకోటి టిక్కుటిక్కుమనేది, ఆడ గులాబీలు. మొదట్లో తిట్టుకుంటి, ఎవరైనా వస్తే బాగు చేయిద్దామనుకుంటి. తర్వాత కండ్లు తగ్గేకొద్దీ అవే నాకు బోర్డులయినాయి. అడుగులు లెక్కపెట్టుకోవచ్చు కదా అంటావేమో. ఎవరన్నా పలకరిస్తే లెక్క పోతాది. బండ అట్ల మరిచిపోదు."

"వదిలెయ్యమన్నప్పుడే చెప్పొచ్చు కదమ్మా."

"చెప్తే నువ్వు మహేష్‌కు చెప్తావు. వాడు చెడ్డోడు కాదు. నన్ను కారులో ఎక్కించుకుని పోయి, మెత్తటి పరుపు మీద కూర్చోబెట్టి, టీవీ వేసి పెడతాడు. ఆ టీవీ నాకు కనపడను కూడా కనపడదు." మళ్లీ అంది, "నువ్వైనా అడగలేదు కదా, యాల వదిలెయ్యాలని."

నిన్న ఆ మాట విన్నప్పుడు బైరప్ప లెక్కలో కూలి ఉంది, ఉచితం ఉంది, హాస్టలు ఉంది. మనిషి లేదు.

"గడ్డపార ఉండాది కదా నీ దగ్గర," అంది ఆమె, "ఆ మూడింటి కిందా మళ్లీ కొంచెం తవ్వేసి పో."

"అది మాత్రం చెయ్యను. కోపం చేసుకోవద్దు, విను. ఊగే బండ ఒకచోట నిలిచి ఊగదు. కిందికి నీళ్లు పోతానే ఉంటాయి. ఈ ఏడు కుడికి ఊగింది వచ్చే ఏడు ఎడమకు ఊగుతాది. పక్కన గట్టిగా ఉండేది కూడా ఊగడం మొదలుపెడతాది. అప్పుడు నీ బోర్డులు నీకే అబద్ధాలు చెప్తాయి. నువ్వు చేతిలో కుండీ పెట్టుకుని పడతావు. మీ తమ్ముడు భయపడింది తప్పు కాదు."

"అయితే ఇంక నేను..."

"నాకు నాలుగు రోజులు టైమియ్యి. అందాకా మామిడి అంట్లు ఎవరికీ అమ్మొద్దు. స్టాకు లేదను."

ఆ సాయంత్రం పుంగనూరుకు పోతుండగా మహేష్ ఫోన్ చేశాడు.

"అన్నా, ఫోటో బ్రహ్మాండంగా ఉండాది. మా అక్క యామంటాది? బాగుండాదా? ఈ మధ్య ఫోన్లో మెసేజి పెడితే చూడదు, నాకు ఎందుకో అనుమానంగా ఉండాది."

రోడ్డు పక్కన బండి ఆపమన్నాడు బైరప్ప. ఇలాంటి తావులో ఎంతోమంది వ్యాపారులు ఒక్క ముక్కతో ఇల్లు కట్టుకున్నారు. అవునప్పా, నాకూ అనుమానంగానే ఉండాది అంటే చాలు. అది అబద్ధం కూడా కాదు. కానీ ఆ ముక్క అమరావతి సరుకు. ఆమెను అడక్కుండా దాన్ని అమ్మితే, దొంగ లోడు అమ్మినట్టే.

"పని ఇంకా పూర్తి కాలేదప్పా. మూడు బండలు మార్చాల. పెట్టినాక నువ్వే ఒకసారి రా. మీ అక్కతో ఆడే మాట్లాడు."

బుధవారం కుప్పం వైపు బయలుదేరాడు. శాంతిపురంలో నాగేంద్ర దగ్గర అతను ఎప్పుడూ ఒకే రకం వెతుకుతాడు, మెరిసేది. ఈసారి చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని, గోడకు ఆనించిన ముక్కలన్నీ నేల మీద పడుకోబెట్టించి వాటి మీద నడిచాడు.

"ఏమన్నా, గ్రానైటు కొంటాండావా, మొక్కు తీరుస్తాండావా?" అన్నాడు నాగేంద్ర.

"కాళ్లకు కనపడే బండ కావాల నాకు."

"కాళ్లకు కండ్లు యాడ నుంచి వచ్చినాయి?"

"కొందరికి వస్తాయి. మంట పెట్టి గరుకు చేసింది ఒకటియ్యి. ఇంకోదానికి ఉలితో చిన్న చిన్న గుంతలు కొట్టించు. మూడోదానికి మిషను మీద అడ్డంగా గాట్లు కోయించు, దగ్గర దగ్గరగా. కాలు జారకూడదు. అంచులు మాత్రం నున్నగా తీయించు, ఉత్త కాళ్లతో నడిచే మనిషి."

నాగేంద్ర సుద్దముక్కతో మూడింటి మీదా గుర్తులు పెట్టాడు. పనివాడిని పిలిచాడు.

గురువారం అంగళ్లులో మూడు పాత బండలు పైకి వచ్చి మూడు కొత్తవి దిగాయి. దించేముందు బైరప్ప వాటిని పొడి నేల మీద పెట్టి అమరావతిని నడవమన్నాడు. ఆమె పాదం మోపి, ఎత్తి, మళ్లీ మోపింది. బైరప్ప గొప్పగా చెప్పుకుందామని నోరు తెరిచేలోపు ఆమె తల అడ్డంగా ఊపింది.

"నీళ్లు పొయ్యి ప్పా."

"యాల?"

"నేను నడిచేది తడిలోనే కదా."

నీళ్లు పోశారు. తడిసి, మట్టి అంటగానే గరుకు బండా, గుంతల బండా పాదానికి ఇంచుమించు ఒకటిగానే అనిపించాయి. గాట్లది ఒక్కటే తేడా తెలిసింది. బైరప్ప ఉసూరుమన్నాడు. ఇద్దరూ అక్కడే కూర్చుని ఆలోచించారు. చివరికి గరుకు బండను మిగతావాటితో సమంగా కాక, పక్కదానికంటే బొటనవేలి మందం ఎత్తులో పెట్టి, అంచును ఏటవాలుగా అరగదీస్తే తట్టుకోకుండా తెలుస్తుందని ఆమె అంది. అరగదీసే మిషను మదనపల్లె నుంచి బాడుగకు తెచ్చుకోవాల్సి వచ్చింది. శుక్రవారం మళ్లీ నీళ్లు పోసి నడిచింది. బేనిషా, తోతాపురి, గులాబీ. మూడుసార్లు తిప్పి నడిచినా, బైరప్ప మధ్యమధ్యలో కావాలనే ఏదో ఒకటి పలకరించినా ఆమె అడుగు తప్పలేదు.

"ఇప్పుడు మీ తమ్మునికి చెప్పమ్మా," అన్నాడు. "నేను చెప్పను. సరుకులో పగులుంటే అమ్మేవాళ్లే సూపించాల. కొన్నోడు కనుక్కునేదాకా ఆగినావంటే, మంచి సరుకును కూడా నమ్మడు."

ఆదివారం మహేష్ వచ్చాడు. అక్క అతన్ని బల్ల దగ్గర కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. అతను ముందు కోప్పడ్డాడు. రెండేండ్లు దాచినావా అక్కా, నేను పరాయోణ్నా అన్నాడు. తర్వాత కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత, బైరప్ప అనుకున్నట్టే, "సరే, ఇంక సాలు. సర్దుకో, పోదాం," అన్నాడు.

"మన ఒప్పందం ఏంది?" అంది అమరావతి. "నాకు చేతనయినన్నాళ్లు. చేతనయితాదో లేదో సూడకుండానే సర్దుకోమంటావే. ఏదో ఒక మొక్క అడుగు."

మహేష్ బైరప్ప వైపు చూశాడు. బైరప్ప డస్టు సంచి మూతి కట్టుకుంటున్నట్టు తల దించుకున్నాడు.

"బేనిషా అంటు," అన్నాడు మహేష్. అని తను కూడా లేచి అక్క వెనకే నడిచాడు, పడితే పట్టుకుందామని రెండు చేతులూ చాచి. ఆమె నడుస్తోంది. మునుపటంత చకచకా కాదు, కానీ ఎక్కడా ఆగలేదు. ఒకచోట పాదం ఒక్క క్షణం బండ మీద నిలిచింది. ఎడమకు తిరిగింది. ఎర్ర దారం ఉన్న అంటు తీసి తమ్ముడి చేతిలో పెట్టింది.

"ఇంకోటి అడుగు."

"తోతాపురి."

అదీ వచ్చింది. అతను చెప్పులు విడిచి, ఆ గుంతల బండ మీద తన కాలు పెట్టి చూశాడు. పాదాన్ని గుంతల మీద అటూ ఇటూ రాశాడు.

"రంగు దారాలు సాలవు," అన్నాడు చివరికి. "దారానికి ముళ్లు వేయించు. బేనిషాకు ఒక ముడి, తోతాపురికి రెండు. చేత్తో తడిమితే తెలియాల. సాయంత్రాలు మా అంగడి పిల్ల ప్రీతిని పంపుతా, బిల్లులు ఆమె సూస్తాది. డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోతా, ప్రతిసారీ." చెప్పులు తొడుక్కుంటూ, "ఈ ఏడు గడవనీ. వచ్చే ఏడు మళ్లీ సూద్దాం," అన్నాడు.

"సూసేదానికి నువ్వుండావు కదరా," అంది అమరావతి. మహేష్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

బండి ఎక్కబోతున్న బైరప్పను అతను ఆపాడు. "అన్నా, హాస్టలు మాట ఇప్పట్లో లేదు. నీకు తెలిసే చేసినావా ఈ పని?"

"తెలిసే చేసినానప్పా."

"వ్యాపారం అట్ల చేస్తే అంగడి మూసుకోవాల్సి వస్తాది."

"ఈసారికి మూసుకోకుండా ఉండేది మీ అక్క అంగడిలే."

ఇల్లు చేరేసరికి మంగమ్మ సంగటి, చెనక్కాయ చట్నీ వడ్డించి పెట్టి ఉంది. వారం రోజులుగా మొగుడు ఏం చేస్తున్నాడో ఆమెకు ముక్కలు ముక్కలుగా తెలుసు. ఇప్పుడు మొత్తం విన్నది.

"మూడంతస్తుల హాస్టలు పోయిందంటావు?"

"పోయింది."

"కుప్పం దాకా పోయొచ్చిన డీజిలు?"

"మనదే."

"రెండోసారి చేసిన పనికి కూలి?"

"అడగలేదు."

"మరి ఏం మిగిలింది?"

బైరప్ప చెయ్యి కడుక్కుని వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. లెక్క తప్పకూడదని నిదానంగా కూడుకున్నాడు. గుడుపల్లెలో చెంగయ్య ఈపాటికి గుంతలు తవ్వి అంట్లు నాటి ఉంటాడు. అవన్నీ బేనిషాలే. నాలుగేళ్లకు ఆ కాయల్లో ఒక్కటి కూడా తనది కాదు, అయినా ఆ తోటలో తప్పు చెట్టు లేకపోవడంలో తనకు కొంచెం వాటా ఉంది. మహేష్‌కు కోపం వచ్చింది, పోతుంది. ఎప్పుడో ఒకప్పుడు ఇంకేదో కడతాడు, అప్పుడు మోసం చెయ్యడని తెలిసినవాడిని వెతుక్కుంటూ వస్తాడు, రాకపోవచ్చు కూడా. దాన్ని రాబడి కింద రాయకూడదు. ఎవరైనా వద్దు అంటే రేటు తగ్గించేముందు యాల అని ఒక్కసారి అడగాలని తెలిసింది. అది రాయొచ్చు.

ఇవన్నీ మంగమ్మకు చెప్పాడు.

"యాల అని అడిగేది నేర్చుకునేదానికి ఇంత డీజిలు కాల్చాల్నా?" అంది ఆమె, కంచం తీస్తూ. కానీ కోపంగా అనలేదు.

పోయినవన్నీ కలిపి చూస్తే పెద్దవే. వచ్చింది ఒకటే. రేపు పొద్దున అంగళ్లులో అమరావతి తన నర్సరీ తాళం తానే తీస్తుంది.